పుష్కరాలకి అమ్మాయిని తీసుకెళ్లాలా, వద్దా

గోదావరి పుష్కరాలకి రాజమండ్రి వెళ్దామని 2015 జులై 13 రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాల్సినవాళ్లం, ఎక్కలేదు. మూడు టికెట్లూ వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోయాయి. 38 దగ్గర మొదలై జారుతూ జారుతూ 9 దగ్గరకొచ్చి అక్కడ మొరాయించింది. చార్టు వచ్చేసిందని మెసేజ్ చూడగానే మా ఆయన ఫోను మంచం మీదకి విసిరేసి "మొదటిరోజు స్నానం మన రాతలో లేదు" అన్నారు. సర్దిన బ్యాగులు హాల్లో అలాగే ఉన్నాయి. వాటిలోంచి టూత్‌బ్రష్షులు మాత్రం తీసుకుని పడుకున్నాం.

పొద్దున్నే టీవీ పెట్టాం. వెళ్లలేకపోయినా కనీసం రాజమండ్రి చూద్దామని. ఎనిమిది దాటాక కింద స్క్రోలింగు మారింది. ముందు ఒకరు, తర్వాత ఐదుగురు, తర్వాత లెక్క ఆగలేదు. సాయంత్రానికి తొక్కిసలాటలో 27 మంది పోయారన్నారు. ఎక్కువమంది ఆడవాళ్లే. పుష్కర రేవు. స్టేషన్ నుంచి నడిచిపోయేంత దగ్గరని మా ఆయన మా కోసం ఎంచి పెట్టిందీ ఆ రేవే.

తెర మీద మాటిమాటికీ చెప్పుల గుట్ట చూపిస్తున్నారు. అమ్మాయి ఇడ్లీ పళ్లెం ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. "అమ్మా, ఆ చెప్పుల్లో ఒక్క జతా లేదు" అంది. అప్పుడు దానికి 15 ఏళ్లు.

ఆ రోజు మా అత్తయ్యగారు మూడుసార్లు ఫోన్ చేశారు. ఆవిడ ఉండేది తాళ్లపూడి వైపు, గోదారికి ఇవతలి గట్టున. మొదటిసారి "ఎక్కలేదుగా? ఎక్కలేదుగా?" అని అదే మాట. రెండోసారి "ఇంక రాకండి, ఎవరింట్లో వాళ్లుందాం". మూడోసారి రాత్రి పది దాటాక చేసి ఏమీ అనకుండా అమ్మాయి చదువు గురించి అడిగి పెట్టేశారు. నాకు అర్థమైంది. మామయ్యగారు పోయి అప్పటికి రెండేళ్లు. పుష్కరాల్లో కొడుకు పిండం పెట్టాలని ఆవిడ ఆ రెండేళ్లూ రోజులు లెక్కపెట్టుకుంటున్నారు.

తర్వాత రెండు రోజుల్లో మా ఇంట్లో ఎవరి మాట మీద వాళ్లు నిలబడలేదు. మా ఆయన "నేనొక్కణ్ణే వెళ్లి పని చూసుకుని వచ్చేస్తా, మీరిద్దరూ ఉండండి" అన్నారు. సరే అన్నాను. గంట గడిచాక "అది మళ్లీ ఎప్పుడు చూస్తుంది?" అన్నదీ నేనే. అంతలో ఆయన "చూడాల్సినంత ఏముంది?" అని ఎదురు తిరిగారు. పెద్దవాళ్లతో అయితే ఈ గొడవ లేదు, వాళ్ల ఇష్టం వాళ్లది. చంటిపిల్ల అయితే అసలే లేదు, తీసుకెళ్లం, అంతే. 2003 పుష్కరాలకి అది మూడేళ్లది. వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని జనం తలల మీంచి గోదారి చూసింది, ఆ ఫోటో ఇప్పటికీ ఆల్బంలో ఉంది. 15 ఏళ్లదాన్ని భుజాల మీద పెట్టుకోలేం, చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంటుంది, నీ ఇష్టమని వదిలేయనూ లేం.

నాకు ఇంకో బరువు ఉంది. 1991 పుష్కరాలప్పుడు నాకు 16. ఇంటర్ మొదటి సంవత్సరం. పిన్నితో కలిసి రాజమండ్రి కోటిలింగాల రేవుకి వెళ్లాను. మెట్లకి ముందు సందులాంటి చోట జనం వెనక నుంచి నెట్టారు. నా కాళ్లు నేల మీంచి లేచాయి. నిజంగానే లేచాయి. రెండు మూడడుగులు నేను నడవకుండానే ముందుకు పోయాను. ఎవరి సంచి తాడో నా మెడకి తగులుకుంది. పక్కనెవరో పెద్దావిడ "చేతులు గుండెకి అడ్డం పెట్టుకో పిల్లా" అని అరిచింది. పెట్టుకున్నాను, ఊపిరి అందింది. బయటపడ్డాక చూసుకుంటే ఒక కాలికి చెప్పు లేదు, పిన్ని లేదు. అరగంట తర్వాత మైకులో నా పేరు పిలిచారు. ఇది మా ఇంట్లో ఇన్నాళ్లూ నవ్వుకునే కథ. మైకులో నా ఇంటిపేరు తప్పు పలికిన సంగతి కూడా కలిపి చెప్పేదాన్ని. ఆ వారంలో ఆ కథ నోటికి రాలేదు.

వేరే దారులూ చూశాం. హైదరాబాద్ నుంచి ధర్మపురి వెళ్లొచ్చు, బాసర వెళ్లొచ్చు, అదీ గోదారే. కానీ ఆ శనివారం 18న రంజాన్ సెలవు, మర్నాడు ఆదివారం. ఊరంతా కార్లేసుకుని బయల్దేరింది. మా కింది ఫ్లాట్ వాళ్లు తెల్లవారుజామున ధర్మపురికని వెళ్లి, దారిలో గంటల తరబడి ఇరుక్కుపోయి, స్నానం లేకుండానే రాత్రికి వెనక్కొచ్చారు. పులిహోర డబ్బా మాత్రం ఖాళీ చేసుకొచ్చారు. "వచ్చే ఏడాది ఆగస్టులో కృష్ణా పుష్కరాలున్నాయిగా, విజయవాడ వెళ్దాం" అన్నాను. గురుడు సింహంలోకొస్తే గోదావరికి, కన్యలోకొస్తే కృష్ణకి. నది మారుతుంది గానీ వరస తప్పదు. అత్తయ్యగారు ఒకటే మాటన్నారు: "ఆయన ఈదింది గోదాట్లోనమ్మా."

దాంతోపాటు "ఇది మహా పుష్కరం, 144 ఏళ్లకోసారి" అని కూడా అన్నారు. ఫోను స్పీకర్లో ఉంది. అమ్మాయి వెంటనే "నాన్నమ్మా, పన్నెండేళ్లకోసారి వచ్చేదే కదా, పన్నెండోసారి అని ఎవరు లెక్కపెట్టారు?" అంది. ఆవిడ కాసేపు ఆగి, "నాకు తెలీదే. 2027కి మాత్రం నేను ఉంటానో ఉండనో, ఆ లెక్క తెలుసు" అన్నారు. ఆవిడకి అప్పుడు 74. ఇంక ఆ వాదన ముందుకు సాగలేదు.

ఆదివారం రాత్రి అన్నాలయ్యాక మా ఆయనే అన్నారు, "దాన్ని అడిగామా?" అని. నిజమే, అప్పటిదాకా అడగలేదు. ఐదు రోజుల నుంచీ దాని గురించే కొట్టుకుంటున్నాం, దాని ముందే. అడిగితే అది టీవీలో చూసినదాని గురించి మాట్లాడుతుందనీ, ధైర్యం చెప్పాలనీ మాటలు సిద్ధం చేసుకున్నాను.

"నాకు జనం అంటే భయం లేదు. తడిబట్టలతో పైకి రావాలి కదా. అందరి చేతుల్లో ఫోన్లుంటాయి" అంది.

నాకు నోట మాట రాలేదు. మా రోజుల్లో రేవులో ఎవరి ధ్యాస వాళ్లది, కెమెరా ఉన్నవాడు ఊరికొకడు. ఇప్పుడు ప్రతి చేతిలోనూ వీడియోనే. మేం భయపడుతున్నది ఒకటి, అది భయపడుతున్నది ఇంకోటి. ఇంకొకటి కూడా ఉందని వాళ్ల నాన్న లేచి వెళ్లాక చెప్పింది. దాని నెలసరి తేదీ 24 ప్రాంతం. నాన్నమ్మ ఏమంటుందోనని. మర్నాడు నేనే అత్తయ్యగారికి చెప్పాను. ఆవిడ చాలా మామూలుగా "అయితే అంతకు ముందే రండి. ముందుగా వచ్చేసినా గట్టు మీద కూర్చుంటుంది, చెంబుతో నేనే తెచ్చి నెత్తిన చల్లుతా. గోదారికి లేని పట్టింపు నాకెందుకు" అన్నారు. పాతకాలం మనిషి కదా, గంటసేపు సర్దిచెప్పాల్సొస్తుందనుకున్నాను.

ఇక జనం సంగతి. అమ్మాయి ఎక్కడెక్కడో చదివి వచ్చింది. తొక్కిసలాట అంటాం గానీ అందులో చాలామంది కాళ్ల కింద పడి పోరట, నిలబడి ఉండగానే ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడక పోతారట. చదరపు మీటరుకి ఐదారుగురు దాటితే జనం నీళ్లలా కదులుతారు, వెనక ఎవరో కదిలితే ముందున్నవాళ్లు ఊగుతారు, ఎవరి కాళ్లూ వాళ్ల మాట వినవు. నా కుట్టు టేపు తీసుకుని హాల్లో మీటరుకి మీటరు కొలిచి, పార్శిళ్లకి వాడే గోధుమరంగు టేపుతో గడి అతికించింది. ముగ్గురం అందులో నిలబడ్డాం. బాగానే ఉంది. ఎదురు ఫ్లాట్‌లోంచి ఇద్దరు పిల్లల్ని పిలిచింది. ఐదుగురం. పిల్లలు నవ్వుతున్నారు. మా ఆయన జేబులోంచి ఫోను తీయబోతే మోచెయ్యి నా పక్కటెముకకి తగిలింది. "ఇప్పుడు ఇంకొకరు" అని వాళ్లమ్మని లోపలికి లాగింది. నాకు ఉన్నట్టుండి 1991 సంచి తాడు మెడకి తగిలినట్టయింది. బయటకి వచ్చేశాను.

ఆ గడిలోంచే మా నియమం పుట్టింది. రెండు భుజాలకీ ఒకేసారి పరాయి మనుషులు తగిలితే, తగిలినవాళ్లు "వెనక్కి" అనాలి. ఆ మాట ఎవరన్నా సరే, మిగతా ఇద్దరూ ఎందుకు అని అడక్కుండా తిరగాలి. ఈ "అడక్కుండా" అన్నది నేనే పెట్టించాను. దాని నోటికి భయపడి.

అప్పుడు తేల్చుకున్నాం. వెళ్దాం, ముగ్గురం. రాజమండ్రి రేవులకి కాదు, అత్తయ్యగారి ఊరి రేవుకి. శనాదివారాలు కాదు, చివరి రోజు 25 కూడా కాదు, అది మళ్లీ శనివారం. 22 బుధవారం, తెల్లారకముందే. సోమవారం రాత్రి ఆర్టీసీ స్పెషల్ బస్సులో సీట్లు దొరికాయి. ముదురు నీలం చుడీదారు, చున్నీ ఇంట్లోనే, జడ ముడి, మెడలో చెవుల్లో ఏమీ లేకుండా, వెనక పట్టీ ఉన్న చెప్పులు. జనంలో ఫోన్లు కలవవని మా ఆయన దాని ముంజేతి మీద పెన్నుతో నంబరు రాస్తానంటే "నేనేమైనా ఎల్‌కేజీనా" అని ఎగిరింది. చివరికి చిన్న కాగితం మీద రాసి పాలిథీన్ కవర్లో చుట్టి జేబులో పెట్టుకుంది. మా ఇద్దరి జేబుల్లోనూ ఒక్కొక్కటి పెట్టించింది. న్యాయమే.

22న నాలుగున్నరకి రేవుకి వెళ్లాం. కొత్తగా పోసిన సిమెంటు మెట్లు, నీళ్లలో కొంతదూరం దాకా వెదుళ్లు పాతి కట్టిన తాడు, ఒక కానిస్టేబుల్, గట్టు మీద బీడీ కాలుస్తూ ఇద్దరు గజ ఈతగాళ్లు. రేకులతో కట్టిన బట్టలు మార్చుకునే గది మెట్లకి పది అడుగుల్లో ఉంది. అమ్మాయి ముందు దాన్ని లోపలికెళ్లి చూసొచ్చింది. గడియ పడుతోందని చెప్పి అప్పుడు నీళ్లలో దిగింది. మొత్తం మీద ఓ ముప్ఫై నలభై మంది ఉంటారేమో. అడుగున ఒండ్రు కాళ్లని పట్టి లాగుతుంటే నవ్వుతోంది. అత్తయ్యగారు ముక్కు పట్టుకుని మూడు మునకలేసి, మూడో మునకకి పైకి లేవడానికి కొంచెం ఎక్కువసేపు తీసుకున్నారు. నేను కంగారు పడ్డాను గానీ ఆవిడ మొహంలో కంగారు లేదు.

పిండాల దగ్గర చిన్న సంగతి. పంతులుగారు నాలుగు కుటుంబాలకి కలిపి చేయిస్తున్నారు. గోత్రం చెప్పారు మా ఆయన, తండ్రి పేరు చెప్పారు, తాత పేరు చెప్పారు, ముత్తాత దగ్గర ఆగిపోయారు. నువ్వులూ నీళ్లూ చేతిలో పట్టుకుని నా వంక చూస్తున్నారు. నాకేం తెలుసు? వెనక నుంచి అమ్మాయి ఆ పేరు అందించింది. ముందురాత్రి నాన్నమ్మ పక్కన పడుకుని మూడు తరాల పేర్లూ అడిగి ఫోన్లో రాసుకుందట. ఆడవాళ్ల పేర్లతో సహా. నాన్నమ్మకి కూడా వాళ్ల అత్తగారి అత్తగారి పేరు గుర్తు రాక, పక్కింటి ముసలాయన్ని లేపి అడిగారట.

అక్కడికి ఆగి ఉంటే ఈ అనుభవం రాసేదాన్నే కాదేమో. మధ్యాహ్నం పడుకుని లేచాక నాకు కాలు నిలవలేదు. ఇంతదూరం వచ్చి రాజమండ్రి చూడకుండానా? సాయంత్రం హారతి చూసి వచ్చేద్దాం, దూరం నుంచే అన్నాను. అమ్మాయికీ ఉత్సాహంగానే ఉంది. అత్తయ్యగారు రానన్నారు. మేం ముగ్గురం ఆటోలో కొవ్వూరు, అక్కణ్ణించి బస్సు. రోడ్డు కమ్ రైలు వంతెన మీద సగం దూరం వెళ్లేసరికి కింద రైలు వచ్చింది, బస్సు కిటికీ అద్దాలు సన్నగా వణికాయి. అవతలి గట్టు పొడుగునా రేవుల్లో తలలు, ఆవాలు పోసినట్టు.

బస్సు దింపిన చోటి నుంచి నడక. రోడ్లు శుభ్రంగా ఉన్నాయి, ప్రతి మలుపులోనూ మజ్జిగ ప్యాకెట్లు, మంచినీళ్లు చేతిలో పెడుతున్నారు. ఎక్కడా తోపులాట లేదు. నాకు ధైర్యం వచ్చేసింది. కోటగుమ్మం దగ్గరకొచ్చేసరికి రోడ్డు నిండింది. అక్కడి నుంచి రేవు ఎంతో దూరం లేదు. మైకులో మంత్రాలు వినిపిస్తున్నాయి, తప్పిపోయినవాళ్ల పేర్లు వినిపిస్తున్నాయి. ఆ రెండూ కలిపి వింటే నాకు 16 ఏళ్లొచ్చేశాయి. పిన్ని కొనిపెట్టిన గాజులు ఎక్కడ కొన్నామో ఆ కొట్టు కోసం వెతుక్కుంటూ ముందుకు పోతున్నాను.

"వెనక్కి" అంది అమ్మాయి.

వినపడనట్టు ఇంకో రెండడుగులు వేశాను. సిగ్గుపడే చెబుతున్నాను.

"అమ్మా. వెనక్కి."

"ఏముందే ఇక్కడ, అందరూ నడుస్తూనే ఉన్నారు. ఆ మలుపు దాటితే గోదారి కనిపిస్తుంది. ఇంకో నాలుగడుగులు."

"రెండు భుజాలూ తగిలాయి. అడక్కూడదని నువ్వే అన్నావు."

మా ఆయన అప్పటికే తిరిగేశారు. నేను ఒక్క క్షణం ఆ మలుపు వైపు చూశాను. మైకు గోల తప్ప అక్కడ ప్రమాదమేమీ లేదు, నిజానికి ఆ సాయంత్రం అక్కడ ఏమీ జరగలేదు కూడా. వెళ్లినవాళ్లంతా హారతి చూసి హాయిగా ఇంటికి పోయి ఉంటారు. అయినా తిరిగాను. వచ్చిన దారినే జనానికి ఎదురు నడవకుండా, అది ముందే చెప్పినట్టు ఏటవాలుగా పక్కకి జరుగుతూ జరుగుతూ ఒక సందులో పడ్డాం. నేను చాలాసేపు మాట్లాడలేదు. అలిగానని దానికి తెలుసు. రోజ్‌మిల్క్ కొట్టు కనబడితే వాళ్ల నాన్న దగ్గర డబ్బులడిగి మూడు గ్లాసులు తెచ్చింది, మొదటిది నాకిచ్చింది.

వంతెన మీద తిరిగొచ్చేటప్పుడు చీకటి పడింది. గట్టు పొడుగునా దీపాలు, నీళ్లలో వాటి నీడలు. అమ్మాయి కిటికీలోంచి ఫోటో తీసింది. బస్సు కుదుపుకి అది గీతలు గీతలుగా వచ్చింది, దీపాలన్నీ సాగిపోయి.

ఇంటికి వెళ్లేసరికి అత్తయ్యగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"హారతి చూశారా?"

"లేదు నాన్నమ్మా. కోటగుమ్మం దాకా వెళ్లి వచ్చేశాం."

"అంత దూరం వెళ్లి గోదారి చూడకుండా వచ్చారా?"

"వంతెన మీంచి చూశాం" అని ఆ ఫోటో చూపించింది. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని, ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, "ఇందులో గోదారేదే?" అన్నారు.